ఆటకు టిక్కెట్టు ఎవరు కొంటున్నారు?

సంక్రాంతికి పది రోజుల ముందు కోస్తా జిల్లాల్లో ఏ ఊరి బస్టాండులో నిలబడినా ఒక కరపత్రం చేతికొస్తుంది. పైన దేవుడి బొమ్మ, కింద నాయకుల బొమ్మలు, నడుమ కబడ్డీ పోటీలంటూ పెద్దక్షరాలు. ఆ పెద్దక్షరాలు వదిలేసి అడుగున ఉన్న సన్నక్షరాలు చదవాలి. ప్రథమ బహుమతి ఫలానావారు, తమ తండ్రిగారి జ్ఞాపకార్థం. ద్వితీయ బహుమతి ఎరువుల దుకాణం వారిది. షీల్డులు అమెరికాలో ఉంటున్న ఊరి కుర్రాడివి. భోజనాలు రైస్‌మిల్లు యజమానివి. ఎంట్రీ ఫీజు ఇంత, రిఫరీదే తుది నిర్ణయం. మన దగ్గర బడి ఆటలూ ఊరి ఆటలూ ఏ డబ్బు మీద నడుస్తున్నాయో తెలుసుకోవాలంటే ఈ కాగితాన్ని మించిన జమాఖర్చుల పుస్తకం లేదు. ఇందులో దాత ఉన్నాడు, జట్టు ఉంది, రిఫరీ ఉన్నాడు. లేనిదల్లా టిక్కెట్టు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. 24 జట్లు తలా వెయ్యి రూపాయలు కడితే 24 వేలు. బహుమతులు 50, 30, 20, 10 వేల చొప్పున నాలుగనుకుంటే లక్షా పది వేలు. ఎంట్రీ ఫీజు అందులో పావు వంతుకు కూడా రాదు. ఆపైన లైట్లు, మైకు సెట్టు, షామియానా, రిఫరీల భత్యం, మూడు పూటల భోజనం ఉన్నాయి. ఆ గండిని పూడ్చేది దాతే. అతను కొనుక్కునేది కూడా ఆటను కాదు. మైకులో తన తండ్రి పేరు నాలుగు రోజులపాటు మోగడాన్ని కొనుక్కుంటాడు. రాజకీయాల్లో అడుగు పెట్టాలనుకునేవాడైతే వచ్చే పంచాయతీ ఎన్నికలకు ముందస్తు ఖర్చు రాసుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే దాత మనసు మారిన ఏడాది, లేదా దాతలిద్దరికీ పడని ఏడాది, ఊళ్ళో పోటీలుండవు. పదేళ్ళు వరసగా జరిగి పదకొండో ఏట ఆగిపోయిన టోర్నమెంట్లు ప్రతి మండలంలోనూ ఉంటాయి. చూసే జనం తగ్గి ఆగిపోయింది మాత్రం నాకు కనబడలేదు.

ఈ పోటీల్లో ఆడేవాళ్ళు అమెచ్యూర్లని చెప్పుకుంటాం గానీ, మంచి రైడర్ ఏ ఊరికీ ఊరికే రాడు. రానుపోను ఖర్చులు, తిండి, గెలిస్తే వాటా, గెలవకపోయినా చేతిలో ఎంతో కొంత. ఫైనల్ రోజున జట్టు పేరు ఊరిదే ఉంటుంది, కూత పెట్టేవాడు పక్క జిల్లావాడై ఉంటాడు. టెన్నిస్ బంతి క్రికెట్‌లోనూ ఇదే తంతు. ఈమధ్య యూట్యూబ్ లైవ్ వచ్చి చేరింది. స్కోరు పట్టీ పక్కన ఊరి మొబైల్ దుకాణం ప్రకటన పడుతోంది. టిక్కెట్టు లేని ఆటకు ఇదొక కొత్త రాబడి, ఇంకా చిన్నదే.

తెలుగువాళ్ళకు టిక్కెట్టు పెట్టి అమ్మడం చేతకాక కాదు. విజయనగరంలో డ్రిల్ మాస్టారుగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడు శతాబ్దం కిందటే సర్కస్ పెట్టి, తన ఛాతీకి కట్టిన గొలుసులు తెంచడాన్ని దేశదేశాల్లో డబ్బులిచ్చి చూసేలా చేశాడు. బడి జీతానికీ డేరా వసూళ్ళకూ ఉన్న తేడా ఆయనకు ముందే అర్థమైంది. అయితే ఆ దారిలో వెనకెవరూ నడవలేదు. మన క్రీడలు మరో దారి పట్టాయి: ఆటగాణ్ణి పోషించే బాధ్యత ప్రేక్షకుడి మీద కాకుండా యజమాని మీద పెట్టిన దారి.

దీనికి గొప్ప ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టునూ, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టునూ తీర్చిదిద్దింది ఆయనే. ఆటగాళ్ళకు ఫుట్‌బాల్ జీతం లేదు, పోలీసు జీతం ఉంది. పొద్దున మైదానం, నెల తిరిగితే జీతం, రిటైరయ్యాక పింఛను. రైల్వే, బ్యాంకులు, సింగరేణి ఇదే పద్ధతిలో జట్లను నడిపాయి. పి.వి.సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగాలు చేసినవారు. ఆ అమ్మాయి తొలిపాఠాలు నేర్చుకున్నది కూడా సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లోనే. ఒక తరం ఆటగాళ్ళకు దొరికిన సర్కారు జీతం మరో తరానికి పెట్టుబడి అయిన తీరు ఈ ఒక్క ఇంట్లో కనిపిస్తుంది.

ఈ ఉద్యోగ వ్యవస్థ అసలు రూపం చూడాలంటే విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరున్న కొండవెలగాడ వెళ్ళాలి. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో మత్స సంతోషి తెచ్చిన పతకం ఈ ఊరిదే. మొదట కాంస్యం ఇచ్చి, గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక రజతంగా మార్చారు. ఊరి పేరు పేపర్లకెక్కింది పతకాల వల్లే అయినా, ఊళ్ళో ఇనుము ఎత్తే పిల్లల తల్లిదండ్రులు లెక్కపెట్టుకునేది సైన్యంలో, రైల్వేలో, పోలీసు శాఖలో చేరినవాళ్ళను. అక్కడ బార్‌బెల్ అంటే ఉద్యోగ దరఖాస్తు. పక్క జిల్లా నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరు వాళ్ళకు దేవత పేరైతే, క్రీడా కోటా జీవో వాళ్ళకు నిత్యపారాయణం.

ఈ కోటా విలువ ఇటీవల పెరిగింది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల వాటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో క్రీడా కోటా కింద 421 టీచరు పోస్టులు చూపారు. రాతపరీక్ష లేకుండా ఆట అర్హతల మీదే ఎంపిక. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఉన్నది అర శాతమే, అయినా దానికీ పోటీ గట్టిదే. దాంతో బడి పోటీల్లో చేతులు మారే అసలు సరుకేమిటో తేలిపోయింది: సర్టిఫికెట్. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి జాతీయ పోటీలకు ఎంపికలు జరుపుతుంది. మెట్టు మెట్టుకూ కాగితం విలువ పెరుగుతుంది. మైదానం గట్టున నిలబడ్డ తండ్రి అడిగే మొదటి ప్రశ్న "మావాడు బాగా ఆడుతున్నాడా సార్?" అని కాదు, "ఈ సర్టిఫికెట్టు పనికొస్తుందా సార్?" అని.

ఆ ప్రశ్నను వెక్కిరించే హక్కు నాకు లేదు. పొలం పనికి పోయే ఇంట్లో పిల్లవాణ్ణి రోజుకు మూడు గంటలు మైదానంలో వదలడమంటే ఒక కూలీని వదులుకోవడమే, దానికి ప్రతిఫలం అడక్క తప్పదు. కానీ కాగితానికి ఇంత ధర ఉన్నప్పుడు దొంగ కాగితమూ పుడుతుంది. ఎవరూ ఆడని ఆటల సంఘాలు, ఒకే ఆటకు రెండు పోటీ సంఘాలు, ఏ ఊళ్ళో జరిగాయో చెప్పలేని జాతీయ పోటీలు ఈ గిరాకీ మీదే బతుకుతాయి. నియామకాల సమయంలో అధికారులు సర్టిఫికెట్ల పరిశీలనకు నెలలు తీసుకుంటున్నారంటే అందుకే. వయసు దిద్దడం సంగతి సరేసరి. అండర్-14 జట్టులో మీసాలు మొలిచిన పిల్లవాణ్ణి చూసి నవ్వుకోని వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉండడు.

ఇక బడి జేబులో ఎంతుందో చూద్దాం. సమగ్ర శిక్ష కింద ఆటల సామాను కోసం ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు రూ.5 వేలు, ప్రాథమికోన్నతకు రూ.10 వేలు, ఉన్నత పాఠశాలకు రూ.25 వేల వరకు ఇస్తారు. ఆరు వందల మంది పిల్లలున్న ఉన్నత పాఠశాలకు ఇది తలకు 42 రూపాయలు. రెండు వాలీబాళ్ళు, ఒక నెట్టు, ఒక క్యారమ్ బోర్డు, నాలుగు తాళ్ళు కొనేసరికి సగం కరిగిపోతుంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండి తీరాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందమంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ శిక్షకుణ్ణి పెట్టమంది. పట్నం ప్రైవేటు బళ్ళలో ఎన్ని అపార్ట్‌మెంటు మేడల్లో నడుస్తున్నాయో, వాటి ఆటస్థలం డాబా మీద ఉందో పార్కింగులో ఉందో తల్లిదండ్రులకు తెలుసు. పదో తరగతి రాగానే ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి ఖాతాలోకి పోవడమూ తెలుసు.

రూ.25 వేలకు అందని ఖర్చులు ఎక్కడినుంచి వస్తాయి? చాలాసార్లు పీఈటీ జేబులోంచి. జిల్లా ఎంపికలకు పదిమంది పిల్లల్ని తీసుకెళ్ళాలంటే బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, కాలు బెణికితే స్ప్రే, సాయంత్రం ఎంపికైనవాడికీ కానివాడికీ టీ బిస్కెట్లు. బిల్లు పెడితే వచ్చేది ఎప్పుడో తెలియదు. నేను చదువుకున్న బడిలో డ్రిల్ మాస్టారు గెలిచిన ప్రతి కప్పు వెనకా పెన్సిలుతో ఏదో రాసేవారు. పోటీ తేదీ అనుకునేవాళ్ళం. పెద్దయ్యాక అడిగితే చెప్పారు, ఆ కప్పుకు తనకైన ఖర్చట. మా వ్యాపారంలో జమ లేదు నాయనా, ఖర్చే అన్నారు.

వ్యాపారమని సిగ్గుపడకుండా చెప్పగలిగేది అకాడమీల దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్ బ్యాడ్మింటన్ దీనికి పాఠ్యపుస్తకం. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలమిచ్చింది. కట్టడానికి డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ రూ.5 కోట్లు ఇచ్చాక 2008లో అకాడమీ నిలబడింది. శీతల పానీయాల ప్రకటనలను తిప్పికొట్టిన మనిషి కనుక ఆ ప్రకటనల డబ్బు కూడా చేతికి రాలేదు. తర్వాత ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, సింధు రజతం వచ్చాయి. ఆ పతకాల వెలుగులో నగరంలో చెక్క కోర్టులు వెలిశాయి. అపార్ట్‌మెంటు పిల్లలు తెల్లారి ఐదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరారు.

ఈ కోర్టు మీద డబ్బు ఎలా కదులుతుందో గమనిస్తే వ్యాపారం అర్థమవుతుంది. స్థలం అద్దె, కరెంటు, కోర్టు మీద మ్యాట్, కోచ్ జీతం — ఇవి యజమాని ఖర్చు. వీటిని రాబట్టాలంటే కోర్టు ఖాళీగా ఉండకూడదు. తెల్లవారుజామూ సాయంత్రమూ పిల్లల శిక్షణ, మధ్యలోనూ రాత్రిళ్ళూ ఫోన్‌లో బుక్ చేసుకుని వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నిజానికి చాలా అకాడమీలను బతికించేది రేపటి చాంపియన్ కాదు, పొట్ట తగ్గించుకోవాలని వచ్చే నలభై ఏళ్ళ పెద్దమనిషి. బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు ఈ సత్యాన్ని మరింత బాహాటంగా ఒప్పుకున్నాయి. వలకట్టిన ఖాళీ స్థలం, ఫ్లడ్‌లైట్లు, గంటకింత అద్దె, అర్ధరాత్రి దాటాక కూడా గిరాకీ. కోచ్ అవసరమే లేదు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే ఖర్చు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి ఏడాది ఫీజు, బూట్లు, నైలాన్ షటిల్. పిల్లవాడు బాగా ఆడుతున్నాడని కోచ్ అన్న రోజునుంచి అసలు ఖర్చు మొదలు. ఈకల షటిల్ గట్టి ర్యాలీలకు ఒక్క గేములోనే చిరుగుతుంది. బాతు ఈకలు చైనా నుంచి రావాలి, ధర అక్కడి కొరతను బట్టి ఎగబాకుతుంది. ఆపైన ర్యాంకింగ్ టోర్నమెంట్లు: పిల్లవాడికీ తోడు వెళ్ళే పెద్దకూ రైలు టిక్కెట్లు, హోటల్ గది, ఎంట్రీ ఫీజు. తొలిరౌండులో ఓడినా ఖర్చు అంతే. వాణిజ్య అకాడమీ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. నమోదైన ధార్మిక సంస్థ నడిపే క్రీడా శిక్షణకైతే మినహాయింపు. ఆట సామాను మీది పన్నును మాత్రం 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి దించారు. బ్యాటు కొనే నాన్నకు అదొక చిన్న ఊరట. ఆ బ్యాటు మీద పెట్టిన డబ్బు కూడా మన దగ్గర ఉండేది కాదు, చాలావరకు మీరట్‌కో జలంధర్‌కో పోతుంది. దేశవిభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన పనివాళ్ళ వల్ల ఆ రెండు ఊళ్ళూ మన క్రీడా సామాను కొట్లయ్యాయి.

ఈ మెట్ల మీద కొందరు తండ్రులు పందెం కాసి గెలిచారు. విశాఖపట్నంలో నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్నాడు. ఆ కుర్రాణ్ణి హైదరాబాద్ ఐపీఎల్ జట్టు మొదట రూ.20 లక్షలకు తీసుకుని, 2025 సీజనుకు రూ.6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ 2022లో రూ.1.7 కోట్లు, ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ 2017లో రూ.2.6 కోట్లు పలికారు. పత్రికలు ఈ కథలు మళ్ళీ మళ్ళీ రాస్తాయి, రాయాలి కూడా. కానీ ఉద్యోగం వదులుకుని, కొడుకు అండర్-19 దాటలేక ఇంట్లో కూర్చున్న తండ్రి కథ ఏ పత్రికా రాయదు. అలాంటివాళ్ళ సంఖ్యే పెద్దదని చెప్పడానికి లెక్కలక్కర్లేదు, జట్టులో పదకొండు మందే ఉంటారన్న సంగతి చాలు. 2025 ఫిబ్రవరిలో గోపీచందే పెదవి విప్పాడు: డబ్బున్నవాళ్ళో, కుటుంబ వ్యాపారం ఉన్నవాళ్ళో కాకపోతే పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని తాను తల్లిదండ్రులకు చెబుతానన్నాడు. చాంపియన్లను తయారుచేసిన మనిషి నోట ఆ మాట రావడం కొందరికి కోపం తెప్పించింది. నాకైతే ఒక వ్యాపారి తన సరుకు మీద తానే హెచ్చరిక చీటీ అంటించినట్టనిపించింది. అంత నిజాయితీ ఈ రంగంలో అరుదు.

డబ్బు లేని ఇంటి పిల్లలకు మిగిలినవి రెండు: ప్రభుత్వం, పరోపకారి. హకీంపేట క్రీడా పాఠశాల 1993 నుంచి నాలుగో తరగతిలోనే పిల్లల్ని ఎంచుకుని ప్రభుత్వ ఖర్చుతో పెంచుతోంది. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు చేతిఖర్చుకే నెలకు రూ.10 వేలు వస్తాయి. ఎంపికయ్యేదాకా మాత్రం సొంత ఖర్చే. పరోపకారం వైపు వరంగల్ దగ్గర కల్లెడ ఊరిని చూడాలి. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడి నుంచి వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. అదే కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఒక ఊరు, ఒక బడి, పట్టుదల ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులు. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలన్న 2013 చట్టం గ్రామీణ క్రీడల శిక్షణను కూడా ఆ జాబితాలో చేర్చింది. ఆ డబ్బు కల్లెడ లాంటి చోటికి చేరాలంటే దరఖాస్తు రాయగలిగిన మనిషి, ఆడిట్ లెక్కలు చూపగలిగిన సంస్థ కావాలి. పంచాయతీ మైదానానికి ఆ రెండూ ఉండవు. కాబట్టి ఆ సొమ్ము సహజంగానే ముందే పేరున్న అకాడమీల వైపు ఒరుగుతుంది.

ప్రభుత్వమే టోర్నమెంటు నిర్వాహకుడైతే ఏమవుతుందో 2023 డిసెంబరులో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' చూపించింది. సచివాలయ స్థాయి నుంచి విశాఖ ఫైనల్స్ దాకా క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. నగదు బహుమతులే రూ.12 కోట్ల పైచిలుకు. ఊళ్ళలో కుర్రాళ్ళు ఆడారు, సరదాగానే ఆడారు. ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం కిట్ల కొనుగోళ్ళ మీదా ఖర్చు మీదా విజిలెన్స్ విచారణ వేసింది. తప్పొప్పులు తేల్చడం విచారణ పని. నాకు పట్టింది వేరే: అన్ని వేల మ్యాచ్‌లు జరిగాక ఊరి బడికి మిగిలిన శాశ్వతమైన ఆస్తి ఎంత? కొత్తగా ఒక వాలీబాల్ కోర్టు చుట్టూ కంచె పడిందా? దాతృత్వంతో నడిచే పోటీకున్న జబ్బే ప్రభుత్వ పోటీకీ ఉంది. దాత మారితే పోటీ ఆగుతుంది.

మరి చూసేవాడు డబ్బిచ్చే చోట ఎలా ఉంటుంది? టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఆలెన్ అనే ఊరుంది. మనవాళ్ళు గట్టిగానే స్థిరపడ్డ ప్రాంతం. అక్కడ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ కోసం 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేలమంది పట్టే స్టేడియం కట్టారు. శుక్రవారం రాత్రి ఆటకు ఊరంతా టిక్కెట్టు కొంటుంది. స్కోరుబోర్డు మీద ఊరి వ్యాపారుల ప్రకటనలుంటాయి, తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బు తినుబండారాలమ్మి బ్యాండు బృందానికి దుస్తులు కొంటుంది. బడి ఆటకు సొంత రాబడి ఉంది. అయినా తండ్రి జేబు అక్కడా తప్పించుకోలేదు. బడి బయట ట్రావెల్ క్లబ్బులు పెరిగి, పిల్లల ప్రధాన క్రీడ మీద సగటు కుటుంబం ఏడాదికి పెట్టే ఖర్చు 2024 నాటికి వెయ్యి డాలర్లు దాటిందని ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ లెక్క తీసింది. ఐదేళ్ళలో 46 శాతం పెరుగుదల. ఆ క్లబ్బులకు వారాంతాల్లో పిల్లల్ని కార్లలో తిప్పుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దగ్గర చూసేవాడి డబ్బు పైమెట్టు మీద మాత్రం కురుస్తోంది. 2014లో ప్రో కబడ్డీ వచ్చింది. మట్టి కోర్టు ఆట మ్యాట్ మీదికెక్కింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను రూ.2.60 కోట్ల పైన పెట్టి కొన్నది. 2024లో టెన్నిస్ బంతి క్రికెట్‌కు కూడా ఐఎస్‌పీఎల్ పేరుతో లీగు పుట్టింది, హైదరాబాద్ జట్టుకు యజమాని రామ్‌చరణ్. సంక్రాంతి కరపత్రంలోని రెండు ఆటలూ టీవీకెక్కాయన్నమాట. ఆ డబ్బులో కరపత్రం దాకా కిందికి దిగేది ఏమీ లేదు. ఊరి మైదానం కుర్రాణ్ణి పైకి పంపుతుంది, తిరిగి రసీదు కూడా రాదు.

ఫుట్‌బాల్‌లో దీనికొక దారి కనిపెట్టారు. ఆటగాడు ఒప్పందం మధ్యలో దేశం దాటి క్లబ్బు మారితే, బదిలీ సొమ్ములో 5 శాతాన్ని అతను 12వ ఏటనుంచి 23వ ఏటిదాకా శిక్షణ పొందిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. ఎక్కడో బ్రెజిల్ పల్లెలో పిల్లవాడికి బూట్లు తొడిగిన క్లబ్బుకు పదేళ్ళ తర్వాత యూరప్ నుంచి చెక్కు వస్తుంది. మన వేలాలకు ఇలాంటి నియమమేదీ లేదు. ఐపీఎల్‌లో ఇచ్చేది బదిలీ సొమ్ము కాదు, ఆటగాడి పారితోషికం. కాబట్టి పోలిక అచ్చంగా అతకదు, అతని సొమ్ములో కోత పెట్టాలనీ నేననను. జట్టు యజమాని ఆపైన అంతే ఇవ్వాల్సి ఉంటే ఎంతవుతుందో మాత్రం కాగితం మీద వేసి చూశాను. రూ.6 కోట్లలో 5 శాతం అంటే రూ.30 లక్షలు. ఉన్నత పాఠశాలకు రూ.25 వేల చొప్పున 120 బళ్ళకు ఏడాది ఆట సామాను.